వాటం, మన్నిక, వెల



ఇప్పటిదాకా ఇక్కడ పులిహోర గురించి, కార్తీక దీపాల గురించి, మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల గురించి రాశాను. ఈసారి పిస్తోలు కొనడం గురించి రాస్తున్నాను. కొందరికి నచ్చకపోవచ్చు. కానీ మనం తెలుగు నేర్చుకునేది పండగల గురించి చెప్పుకోవడానికి మాత్రమే కాదు కదా. ఈ నెల మన ఇంట్లో దేని మీద వాదన జరిగిందో అది కూడా తెలుగులో చెప్పగలగాలి.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. మా నాన్నగారిది ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ. తెలుగు అక్షరాలు మాత్రం అరవై దాటాక, గుడి లైబ్రరీలో పిల్లల పుస్తకాలు ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు 66. హ్యూస్టన్ దగ్గర ఉంటాను. శని, ఆదివారాలు గుడి వంటింట్లో సేవ చేస్తాను. మావారు పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో ఒక్కదాన్నే.

ముందు మాటల సంగతి. మా అమ్మది శ్రీకాకుళం వైపు. ఆమె తెలుగులో వంటింటికి వంద మాటలుంటే, ఇలాంటి ఆయుధానికి ఒక్కటే మాట: తుపాకి. పొడుగుదైనా పొట్టిదైనా తుపాకే. ఆ మాట కూడా మనది కాదు, టర్కీ, పారశీక భాషల వైపు నుంచి వచ్చింది. పిస్తోలు, రివాల్వరు ఐరోపా నుంచి వచ్చాయి. తూటా అంటే మందూ గుండూ కలిసి ఉన్నది. ట్రిగ్గరును మీట అంటే అందరికీ అర్థమవుతుంది. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను: తుపాకి రాముడు. ఊళ్లలో పిట్టలదొర వేషం కట్టి, చెక్క తుపాకి భుజాన వేసుకుని, కోతలు కోసి జనాన్ని నవ్వించే కళాకారుణ్ణి అలా పిలుస్తారు. పిస్తోళ్ల గురించి ఇక్కడ జనం చెప్పే మాటల్లో చాలావరకు తుపాకి రాముడి మాటలే. అందుకని నేను చేత్తో పట్టుకుని చూసిన సంగతులే ఎక్కువ రాస్తాను.

అసలు ఈ ఆలోచన ఎందుకు వచ్చిందంటే, మా గుడి భద్రత కమిటీ వాలంటీర్లను అడిగింది, ఎవరైనా లైసెన్సు తీసుకుని పిస్తోలు దగ్గర ఉంచుకుంటారా అని. అడగడంలో తప్పు లేదు. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో ఒకడు కాల్పులు జరిపి ఆరుగురిని చంపాడు. అక్కడా ఆ సమయంలో ఆడవాళ్లు వంటింట్లో లంగరు వంట చేస్తున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథ్‌లో మన హైదరాబాద్ ఇంజినీరును ఒకడు బార్‌లో కాల్చి చంపాడు. 2019 డిసెంబరు 29న మా టెక్సస్‌లోనే వైట్ సెటిల్‌మెంట్ అనే ఊళ్లో ఒక చర్చిలో దుండగుడు ఇద్దరిని చంపాడు. ఆ చర్చి వాలంటీరు ఒకాయన కొన్ని సెకన్లలోనే వాణ్ణి కాల్చి పడేశాడు. కమిటీలో అందరూ చెప్పేది ఈ మూడో కథే. నాకు మొదటి కథ ఎక్కువ గుర్తుంటుంది, ఎందుకంటే నా చోటు వంటిల్లు.

టెక్సస్ చట్టం ఇక్కడ చాలా వదులు. 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డుపడని వాళ్లెవరైనా లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. లైసెన్సు కావాలంటే ఇంకా ఇస్తారు. దానికి రుసుము 40 డాలర్లు, ఒక క్లాసు, 50 తూటాల పరీక్ష. 3, 7, 15 గజాల దూరం నుంచి కాల్చాలి, 250 మార్కులకు 175 రావాలి. దుకాణంలో కొనేటప్పుడు కేంద్రం వాళ్ల 4473 అనే ఫారం నింపాలి. మన వాళ్లకు ఒక ముఖ్యమైన మాట: విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, హెచ్-1బి మీద ఉన్న పిల్లలు మామూలుగా పిస్తోలు కొనకూడదు. సరదాకి రేంజికి తీసుకెళ్లి చేతికివ్వడం కూడా కేంద్ర చట్టం ప్రకారం నేరం కావచ్చు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ తెలుసుకోకుండా వెళ్లకండి. నేను సిటిజన్‌ని కాబట్టి నాకు ఆ ఇబ్బంది లేదు.

ఇక కొనడం. నేను గ్రైండరు కొన్నా, కుక్కరు కొన్నా మూడు చూస్తాను. చేతికి వాటంగా ఉందా, మన్నుతుందా, వెల ఎంత. ఈ మూడు మాటలూ మా అమ్మవే. పిస్తోలుకు కూడా ఇవే సరిపోయాయి.

వాటం

వాటం అంటే సుఖం మాత్రమే కాదు. వస్తువు మన శరీరానికి అమరడం. కత్తిపీట ఒకరికి వాటం, ఇంకొకరికి చాకు వాటం.

మొదట వెళ్లిన దుకాణంలో కౌంటరు దగ్గరున్న కుర్రాడు నన్ను చూడగానే ఒక చిన్న రివాల్వరు తీసి పెట్టాడు. "మేడమ్, ఇది ఆడవాళ్లకు బాగుంటుంది, తేలిక, హ్యాండ్‌బ్యాగులో పడుతుంది" అన్నాడు. నిజంగానే తేలిక. 13.5 ఔన్సులు, అంటే 400 గ్రాములు కూడా లేదు. అయిదు తూటాలు పడతాయి. నేను నవ్వి, ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను.

గుడిలో మా కూరగాయల బల్ల దగ్గర నాతో పాటు పనిచేసే ఒక అన్నయ్యగారున్నారు. రిటైరైన మెకానికల్ ఇంజినీరు. ముప్ఫై ఏళ్లుగా కాల్చడం ఆయనకు అలవాటు. సంగతి చెబితే ఆయన అన్నారు: "చెల్లెమ్మా, మోయడానికి తేలికైనది కాల్చడానికి బరువు. ముందు రేంజికి రా. అద్దెకిస్తారు. నాలుగు కాల్చి చూడు. తర్వాత మాట్లాడదాం."

ఆ మాట అర్థం కావడానికి ఫిజిక్స్ చాలు. తూటా ముందుకు ఎంత ఊపుతో పోతుందో, పిస్తోలు వెనక్కి అంతే ఊపుతో వస్తుంది. పిస్తోలు బరువుగా ఉంటే నెమ్మదిగా వస్తుంది, తేలికగా ఉంటే వేగంగా వచ్చి అరచేతిని కొడుతుంది. మందు ఎక్కువున్న తూటాను తేలికైన పిస్తోల్లో పెడితే దెబ్బ మనకే.

రేంజిలో నాలుగు చూశాను. మొదటిది కుర్రాడు చూపించిన లాంటి చిన్న రివాల్వరు. పట్టుకుంటే రెండు వేళ్లకే చోటుంది, చిటికెన వేలు గాల్లో ఉంది. మీట చాలా బిగువు. లాగేసరికి చెయ్యి వణికి గురి పోయింది. అయిదు కాల్చాక బొటనవేలు మొదట్లో నొప్పి మొదలైంది. అక్కడ నాకు ముందే కీళ్లవాతం ఉంది. ఇంకో అయిదు కాల్చాలనిపించలేదు. సాధన చెయ్యాలనిపించని వస్తువు ఎంత తేలికైనా ఏం లాభం?

రెండోది రూగర్ ఎల్‌సీపీ, .380 తూటాలది. పది ఔన్సులు కూడా లేదు, మడిచిన కళ్లద్దాల డబ్బాలా ఉంటుంది. దాని స్లైడు లాగడమే నాకు కష్టమైంది. స్లైడు అంటే పైన ఉండే ఇనుప భాగం. మొదటి తూటా లోపలికి పోవాలంటే దాన్ని వెనక్కి లాగి వదలాలి. కొత్త ఆవకాయ సీసా మూత తిప్పినట్టుంటుంది. పిస్తోలు చిన్నదైతే స్లైడూ చిన్నదే, దాన్ని ఆపడానికి స్ప్రింగు గట్టిగా ఉండాలి. ఇది నాకు ఆశ్చర్యం. చిన్నది సులువనుకుంటాం, కానీ చిన్నదానికే ఎక్కువ బలం కావాలి.

మూడోది గ్లాక్ 19, 9 ఎం.ఎం. తూటాలు. దాదాపు 24 ఔన్సులు, 15 తూటాలు పడతాయి. చెయ్యి నిండా పట్టు దొరికింది. దెబ్బ తెలిసింది కానీ నొప్పి లేదు. స్లైడు పదిసార్లు లాగగలిగాను, పదకొండోసారి కుదరలేదు.

నాలుగోది స్మిత్ అండ్ వెసన్ వాళ్ల షీల్డ్ ఈజీ, .380 తూటాలది. 2018లో వచ్చింది. పేరులోనే ఈజీ ఉంది. బరువు పద్దెనిమిదిన్నర ఔన్సులు, ఎనిమిది తూటాలు పడతాయి. స్లైడు నా రెండు వేళ్లకూ బొటనవేలికీ లొంగింది. తూటాలు నింపే మ్యాగజైనుకు పక్కన చిన్న బొడిపెలున్నాయి, వాటిని కిందికి నొక్కి పట్టుకుంటే తూటాలు సులువుగా పడతాయి. పిడి వెనక ఒక చిన్న మీట ఉంది. అరచేతితో సరిగ్గా పట్టుకుంటేనే అది పేలుతుంది. నలభై కాల్చాను. మర్నాడు గుడిలో రెండు పళ్లేల బెండకాయలు తరిగాను. చెయ్యి బాగానే ఉంది. నాకు అదే పరీక్ష.

వాటంలో ఎవరూ చెప్పని ఒక విషయం కళ్లద్దాలు. నా వయసు వాళ్లకు ప్రోగ్రెసివ్ కళ్లద్దాలుంటాయి. ముందు గురిపుల్ల కనబడాలంటే తల ఎత్తాలి, తల ఎత్తితే దూరంలో కాగితం మసకేస్తుంది. గురిపుల్ల మీద పెద్ద రంగు చుక్క ఉన్నది నాకు బాగా పనిచేసింది. మీకు అరవై దాటితే ఇది ముందే చూసుకోండి.

ఇక్కడ ఒక మాట నేర్చుకున్నాను. గురి అంటే గుర్తు చూసి కొట్టడం. గురి అంటే నమ్మకం కూడా. "ఆ డాక్టరు మీద నాకు గురి" అని మా అమ్మ అనేది. చిన్నప్పుడు ఆ రెండూ ఒకే మాట అని నాకు తెలియదు.

మన్నిక

మన్నిక అంటే చాలాకాలం పాడవకుండా ఉండటం. పిస్తోలుకు అసలు పరీక్ష మొదటి రోజు కాదు, రెండు వందల తూటాల తర్వాత. అన్నయ్యగారి లెక్క అదే. కొత్త పిస్తోలులో కనీసం రెండు వందలు కాల్చి, ఒక్కసారి కూడా ఇరుక్కోకపోతేనే దాన్ని నమ్మాలంటారు.

ఇక్కడ వాటానికీ మన్నికకూ ఒక లంకె ఉంది. పిస్తోలు తనంతట తాను పాత గొట్టాన్ని బయటికి విసిరి కొత్త తూటా ఎక్కించుకుంటుంది. అందుకు దాని పిడి గట్టిగా నిలబడాలి, స్లైడు మాత్రమే వెనక్కి పోవాలి. మన మణికట్టు వదులుగా ఉంటే పిస్తోలు మొత్తం వెనక్కి ఊగుతుంది, స్లైడు పూర్తిగా పోదు, తూటా ఇరుక్కుంటుంది. అప్పుడు మనం "ఇది నాసిరకం" అంటాం. చేతికి వాటం లేని మంచి వస్తువు నాసిరకంగానే కనబడుతుంది.

300 డాలర్లదానికీ 600 డాలర్లదానికీ తేడా ఎక్కడుంది? నేను చూసినంతలో, రెండూ పేలతాయి. మీట లాగినప్పుడు నున్నగా వస్తుందా, గరగరలాడుతుందా అన్నదాంట్లో తేడా ఉంది. గురిపుల్ల ఇనుముదా ప్లాస్టిక్‌దా, తుప్పు పట్టకుండా పైన పూత ఎలా ఉంది, అయిదేళ్ల తర్వాత స్ప్రింగు, మ్యాగజైను దొరుకుతాయా, ఇవీ తేడాలే. గ్లాక్‌ను 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. అప్పటినుంచి అదే పద్ధతిలో చేస్తున్నారు కాబట్టి విడిభాగాలకు కరువు లేదు. మా రోజుల్లో అంబాసిడర్ కారు లాగ.

ఇంకొక విషయం నన్ను కలవరపెట్టింది. మనం కొనే గ్రైండరులో, టోస్టరులో, పసిపిల్లల మంచంలో లోపం ఉంటే, వాటిని మార్కెట్టు నుంచి తీయించే అధికారం ఇక్కడ ఒక కేంద్ర సంస్థకు ఉంది. తుపాకుల మీద ఆ సంస్థకు అధికారం లేకుండా 1970లలోనే చట్టం చేశారు. లోపం బయటపడితే తయారుచేసినవాళ్లే ముందుకు వచ్చి వెనక్కి తీసుకోవాలి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు కింద పడితే పేలుతుందా లేదా అని పరీక్ష చేయించి, నెగ్గినవాటి జాబితా పెడతాయి. టెక్సస్‌లో అది లేదు. కాబట్టి కొనే ముందు ఆ మోడలును ఎప్పుడైనా వెనక్కి పిలిచారా అని కంపెనీ సైటులో సీరియల్ నంబరుతో చూసుకోవాలి. వాడినది చవగ్గా దొరికితే మరీ ముఖ్యం.

వెల

నేను చూసినప్పుడు షీల్డ్ ఈజీ 420 డాలర్లుంది. గ్లాక్ 19 దాదాపు 550. చవక రకాలు 300కే ఉన్నాయి. కానీ అది ముందు కనబడే వెల మాత్రమే. ఆవును కొన్నాక గడ్డి కొనాలి.

మొదటి ఏడాది లెక్క కాగితం మీద వేశాను, పన్ను కాక. పిస్తోలు 420. గట్టి తాళం పెట్టె 150. క్లాసు 80, లైసెన్సు రుసుము 40. చెవులకూ కళ్లకూ రక్షణ 60. నెలకొకసారి రేంజి, 20 చొప్పున 240. నెలకు వంద తూటాలు, అంటే ఏడాదికి 50 పట్టే డబ్బాలు 24. .380 డబ్బా 20 డాలర్లు, 480 అయింది. మొత్తం 1,470. ఇందులో పిస్తోలు వెల మూడో వంతు కూడా లేదు.

అదే 9 ఎం.ఎం. అయితే డబ్బా 14 డాలర్లే, ఎందుకంటే అది ఎక్కువ అమ్ముడుపోయే రకం. ఏడాదికి 336. అంటే నా చేతి సుఖానికి ఏడాదికి 144 డాలర్లు ఎక్కువ కడుతున్నాను. మూడేళ్లకు 432, ఇంకో పిస్తోలు వెల. ఇది నాకు నచ్చిన లెక్క, ఎందుకంటే సుఖానికి వెల ఎంతో అంకెలో కనబడింది. కట్టాలా వద్దా అని ఆలోచిస్తే, కట్టడమే మేలనిపించింది. నొప్పి పుట్టించే పిస్తోలుకు తూటాలు చవకైనా నేను కాల్చను. కాల్చకపోతే నేర్చుకోను. నేర్చుకోనిదాన్ని ఇంట్లో పెట్టుకోవడం అన్నిటికంటే ఖరీదు.

ఇంకొక వెల

ఇంతవరకు లెక్క బాగానే వచ్చింది. తర్వాత మా అమ్మాయికి ఫోన్ చేశాను. తను ఆస్టిన్‌లో ఉంటుంది. ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సు. ఇద్దరు పిల్లలు, ఏడేళ్లూ నాలుగేళ్లూ.

"అమ్మా, కొనుక్కో, నీ ఇష్టం. కానీ అది ఇంట్లో ఉంటే పిల్లలు అక్కడ పడుకోరు" అంది.

తాళం పెట్టె ఉంటుందని చెప్పాను. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా తూటాలున్న తుపాకి పెడితే నేరమని కూడా చెప్పాను, ఏదో క్లాసు చెబుతున్నట్టు. తను విని, కాసేపు ఆగి, "పిల్లల గురించే కాదమ్మా" అంది. "నాన్న పోయిన ఏడాది నువ్వెలా ఉన్నావో నాకు గుర్తుంది. అప్పుడు ఆ ఇంట్లో అది లేదు. లేనందుకు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను."

నేను మాట్లాడలేదు. అమెరికాలో తుపాకి చావుల్లో సగానికి పైగా తమను తాము కాల్చుకున్నవే. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అది నా గురించిన సంగతి అని ఎప్పుడూ అనుకోలేదు. మా అమ్మాయి అనుకుంది. నాలుగేళ్లుగా అనుకుంటోంది, నాతో అనలేదు. పిస్తోలు మాట రాకపోతే ఇప్పటికీ అనేది కాదేమో.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఈ సామెతను నేను రెండేళ్ల కిందట నేర్చుకున్నాను. ఇప్పుడు వాడుకలోకి వచ్చింది.

వారం రోజులు మళ్లీ మళ్లీ మాట్లాడుకున్నాం. చివరికి ఇద్దరం కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. పిస్తోలు కొన్నాను, నా పేరు మీదే. కానీ అది మా ఇంటికి రాలేదు. అన్నయ్యగారి ఇంట్లో పెద్ద సేఫు ఉంది, అందులో ఉంటుంది. దాని తాళం అన్నయ్యగారి దగ్గర, వదిన దగ్గర. నెలకొక ఆదివారం సేవ అయ్యాక ముగ్గురం రేంజికి వెళ్తాం. నేను వంద తూటాలు కాల్చి, తుడిచి, మళ్లీ ఆయనకే ఇచ్చి వస్తాను. ఇలా ఒక ఏడాది. తర్వాత నేనూ మా అమ్మాయీ మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంటికి తేవాలా, అక్కడే ఉంచాలా, అమ్మేయాలా అని. ఆ రోజు తన మాటకూ నా మాటకూ సమానమైన బరువు ఉంటుందని ఒప్పుకున్నాను.

వదిన నవ్వుతుంది, "మా సేఫు నీకు జమ్మి చెట్టు" అని. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్లే ముందు ఆయుధాలన్నీ మూటకట్టి జమ్మి చెట్టు మీద పెట్టారు కదా. దసరాకు గుడిలో జమ్మి ఆకులు పంచేటప్పుడు ఆ కథ పిల్లలకు నేనే చెబుతాను. ఆయుధం ఉన్నవాళ్లు కూడా ఏడాదిపాటు అది లేకుండా బతికారు, విరాటుడి కొలువులో వంటా చేశారు. భీముడు వంటవాడే.

కమిటీకి కూడా నా మాట చెప్పాను. గుడిలో నేను పిస్తోలు పెట్టుకోను. నా చుట్టూ మరిగే నూనె ఉంటుంది, చీర కుచ్చిళ్లు పట్టుకుని తిరిగే పిల్లలుంటారు, చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి. పండగ రోజుల్లో డ్యూటీ లేని పోలీసులను జీతానికి పెట్టుకుంటున్నాం, అది వాళ్ల పని. నేను వంటింటి వెనక తలుపు చూసుకుంటాను, ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు. గాయమైతే రక్తం ఆపడం నేర్పే క్లాసు చేశాను. రక్తం ఆగేలా కట్టు బిగించడానికి కూడా చేతిలో బలం కావాలి, అదీ సాధన చేస్తున్నాను. కమిటీలో ఒకరిద్దరికి నచ్చలేదు. ఎక్కువమంది సరే అన్నారు.

మీలో ఎవరైనా కొనాలనుకుంటే నా వరస ఇది. ముందు అద్దెకు తీసుకుని కాల్చండి, మర్నాడు చెయ్యి ఎలా ఉందో చూడండి. తర్వాత మన్నిక అడగండి. తర్వాత ఏడాది ఖర్చంతా కాగితం మీద వెయ్యండి. వీటన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు ఏమంటారో పూర్తిగా వినండి. నేను ఆ ఫోను తెలుగులో చేశాను. మా అమ్మాయికి తెలుగు అంతగా రాదు, అయినా ఆ ఒక్క మాట తను తెలుగులోనే అంది.

వచ్చేసారి జమ్మి ఆకుల గురించి రాస్తాను. ఉంటాను మరి.